వండే చేతికి ఒక పేరు

నలమహారాజు కథ మన పాఠకులందరికీ తెలిసినదే. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, రూపం మారిపోయి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు కొలువులో గుర్రాలు చూసుకుంటూ, వంట చేసుకుంటూ కాలం గడిపాడు. ఆ రాజు వెంట అతడు కుండినపురం వచ్చినప్పుడు దమయంతికి అనుమానం తగిలింది. ఎదుట ఉన్నవాడేమో కురూపి, పోల్చుకోవడం ఎట్లా? ఆమె పెట్టిన పరీక్షలలో ఒకటి చూడండి. చెలికత్తె కేశినిని పంపి, అతడు వండినదాంట్లో కాస్త తెప్పించుకుని రుచి చూసింది. చూడగానే గుండె ఝల్లుమంది. ముఖం మారింది గాని చేతి రుచి మారలేదు!

అట్లాగే భీమసేనుడు విరాటుడి వంటశాలలో వలలుడై ఏడాదిపాటు గరిటె తిప్పాడు. బాగా వండినవాణ్ణి మెచ్చుకోవలసి వస్తే "నలభీమపాకం" అంటాం కదా, ఆ ఇద్దరూ వంటింట్లో ఉన్నన్నాళ్ళూ సొంత పేరు చెప్పుకోలేకపోయిన వారే. గడువు తీరగానే వారి అజ్ఞాతం తీరిపోయింది. తరువాత వచ్చిన వంటవారికి మాత్రం ఆ గడువు తీరనే లేదు. పెళ్ళికి వెళ్ళివచ్చి, "ఫలానా వారింట భోజనాలు దివ్యంగా ఉన్నాయి" అంటాం. ఆ దివ్యమైన భోజనం ఎవరి చేతి చలవో అడగం. ఫోటో తీసినవారి పేరు తెలుసు, మేళం వాయించినవారి పేరు తెలుసు, పందిరి వేసినవారి పేరు కరపత్రం మీద ఉంటుంది. పెరట్లో గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ నిలబడిన మేస్త్రి పేరు మాత్రం ఎవరికీ అక్కరలేదు.

ఈ అజ్ఞాతం తీరే మార్గం ఒకటి ఈనాడు ఆ మేస్త్రి జేబులోనే ఉంది. అదే సెల్‌ఫోను. అందులోని యూట్యూబు, ఇన్‌స్టాగ్రాము, ఫేస్‌బుక్కు, వాట్సాపులనే సామాజిక మాధ్యమాలంటున్నాం. వీటిని వినోదమంటారు కొందరు, వ్యసనమంటారు మరి కొందరు. వంటనే వృత్తిగా పెట్టుకున్నవాడికి ఇవి పనిముట్లని నా మనవి. అట్లకాడ వంటివే అనుకోండి. పట్టుకోవడం తెలిస్తే అట్టు తిరగబడుతుంది. తెలియకపోతే వేళ్ళు కాలుతాయి.

ద్వారపాలకులు లేని వాకిలి

పూర్వం ఒకరి వంట పదిమందికి తెలియాలంటే నడుమ ఎవరో ఒకరు తలుపు తియ్యవలసి వచ్చేది. పత్రిక అయితే సంపాదకుడు, రేడియో అయితే ఆ కేంద్రం వారు. 1950ల్లో మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షిక మొదలుపెట్టి దశాబ్దాలపాటు నడిపారు. ఆమె "వంటలు - పిండివంటలు" పుస్తకం ముద్రణ వెంట ముద్రణ పొందింది. కాపురానికి వెళ్ళే పిల్ల పెట్టెలో చీరల మడతల మధ్య ఆ పుస్తకం కూడా ప్రయాణం చేసిన ఇళ్ళు నాకు తెలుసు. తరువాత టెలివిజను వచ్చింది. 1993లో సంజీవ్ కపూర్ జీ టీవీలో "ఖానా ఖజానా" ప్రారంభించి, హోటలు వంటవాడు ఇంటింటి అతిథి కాగలడని నిరూపించాడు. కాని అటువంటి అవకాశం కోటికొక్కరికి.

2005లో యూట్యూబు పుట్టింది. ఆ తలుపుకు గొళ్ళెం లేదు. 2007లో మన హైదరాబాదు వాడైన సంజయ్ తుమ్మ "వాహ్‌షెఫ్" అని పేరు పెట్టుకుని అందులో వంటలు చూపడం మొదలుపెట్టాడు. అతడు హోటల్ మేనేజ్‌మెంటు చదివి, పెద్ద హోటళ్ళలో చెయ్యి తిరిగినవాడు. చదువుకోవడానికో ఉద్యోగానికో సముద్రాలు దాటిన తెలుగు పిల్లలకు, పోపు ఎప్పుడు దించాలో చెప్పే అమ్మ పక్కన లేని లోటు ఇటువంటి వారు కొంత తీర్చారు.

అంతకంటె వింత 2016లో జరిగింది. గుంటూరు జిల్లా తెనాలి దగ్గర గుడివాడ అనే పల్లెటూళ్ళో, నూరేళ్ళు దాటిన మస్తానమ్మగారి చేత ఆరుబయట కట్టెలపొయ్యి మీద వంకాయ కూర వండించి, మునిమనుమడూ అతని స్నేహితుడూ కలిసి వీడియో తీశారు. "కంట్రీ ఫుడ్స్" అనే ఆ ఛానలుకు 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి చందాదారులు 12 లక్షలు దాటారు. ఈ చందాదారులు మన వారపత్రిక చందాదారుల వంటివారే, కాకపోతే చందా కట్టరు! తెలంగాణకు చెందిన నారాయణరెడ్డిగారు 2017లో "గ్రాండ్‌పా కిచెన్" మొదలుపెట్టి, పెద్ద పెద్ద గుండిగల్లో వండినది అనాథ పిల్లలకు పెట్టేవారు. 2019 అక్టోబరులో 73వ ఏట ఆయన కన్నుమూసేనాటికి ఆ ఛానలును అనుసరించేవారు 60 లక్షలపై చిలుకు.

ఈ ఇద్దరికీ హోటలు చదువు లేదు. పాలరాతి గట్టు లేదు. ఉన్నదల్లా తమది అయిన ఒక తీరు. మస్తానమ్మగారు అల్లం పొట్టు గోటితో గీకి తీసేవారు. అది చూడడానికే జనం ఆగిపోయేవారు. వారిని చూసి మరొకరు గోటితో అల్లం గీకితే ఎవరు చూస్తారు? ఎవరి తీరు వారికి ఉండాలి. ఇంకొక సంగతి: ఇద్దరి వెనకా ఫోనూ కెమెరా తెలిసిన కుర్రవాళ్ళున్నారు. వండే పెద్దచెయ్యీ, చూపించే చిన్నచెయ్యీ కలిసిన చోటనే పని సాగింది.

గుంపు వేరు, వృద్ధి వేరు

ఇక్కడొక చిక్కు ఉంది. పేరు రావడం, జనం రావడం, వృత్తిలో పైకి రావడం - ఈ మూడూ ఒకటేనని చాలామంది భ్రమపడుతున్నారు.

2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్ ప్రాంతంలో రోడ్డు పక్కన భోజనం పెట్టే సాయికుమారిగారిని, జనం నోట "కుమారి ఆంటీ"ని, వీడియోలు ఒక్కసారిగా ఆకాశానికెత్తాయి. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. కొత్తగా వచ్చింది గుంపు. ఆ గుంపుతో దారి మూసుకుపోయింది. పోలీసులు కేసు పెట్టి, బండి తీయించారు. మర్నాడే ముఖ్యమంత్రి కల్పించుకుని అక్కడే సాగనివ్వమనడంతో కథ సుఖాంతమయింది. అందరి కథలూ అట్లా ముగియవు.

2020 అక్టోబరులో, ఢిల్లీ మాలవీయనగరులో "బాబా కా ఢాబా" నడిపే కాంతాప్రసాద్ అనే వృద్ధుడు, బేరాలు లేక కన్నీరు పెట్టుకున్న వీడియో దేశమంతా చూసింది. మర్నాటికి ఢాబా ముందు బారులు తీరారు. విరాళాలు వచ్చాయి. ఆ విరాళాల లెక్క దగ్గర వీడియో తీసినవారితో తగాదా వచ్చి పోలీసుల దాకా పోయింది. డిసెంబరులో ఆయన పెద్ద హోటలు తెరిచారు. 2021 ఫిబ్రవరికి మూసేశారు. నెలకు ఖర్చు లక్ష దాకా అయితే అమ్మకం 40 వేలు దాటలేదట. తిరిగి పాత ఢాబాకే వచ్చారు.

చూడవచ్చిన జనం తినవచ్చిన జనం కాదు. తినవచ్చిన జనంలో రెండోసారి వచ్చేవారు ఎంతమందో అదే హోటలు నడిపేవాడి ఆస్తి. వీడియో ఒక్కసారి తేగలదు. రెండోసారి తెచ్చేది పులుసులో ఉప్పే. ఈ తేడా తెలిసినవాడికే సామాజిక మాధ్యమం ఉపయోగపడుతుంది.

మేస్త్రిగారి చేతి మర్మం

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని మీరడగవచ్చు. మా కాలేజీలో బి.ఏ. చదివిన కుర్రవాడొకడు నన్ను ఇందులోకి లాగాడు. వాళ్ళ నాన్నగారు మా కోనసీమలో పేరున్న పెళ్ళివంటల మేస్త్రి. పేరున్న అన్నాను గాని, ఆ పేరు కంట్రాక్టర్లకే తెలుసు. పొగలో తన కళ్ళు పోయినట్టు కొడుకు కళ్ళు పోకూడదని ఆయన వాణ్ణి డిగ్రీకి పంపారు. వాడు డిగ్రీ పుచ్చుకుని, ఎకాఎకీ హోటల్ మేనేజ్‌మెంటులో చేరి, హైదరాబాదులో ఒక హోటలు వంటశాలలో కుదిరాడు. అది చాలనట్టు, సెలవులకు వచ్చినప్పుడల్లా నాన్నగారి వంటలు ఫోనులో తీస్తానని పట్టుబట్టాడు. ఆయన ససేమిరా అన్నారు.

"మీరైనా చెప్పండి మాస్టారూ!" అని ఒక సాయంకాలం మేస్త్రిగారు మా ఇంటికి వచ్చారు. "నా చేతి మర్మం ఊరందరికీ పంచిపెడితే రేపు నన్నెవరు పిలుస్తారు? పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో మా నాన్న నాకు పన్నెండేళ్ళు పొట్టు కొట్టించాక చెప్పాడు. వీడు పన్నెండు నిమిషాల్లో చెప్పేస్తాడట!"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. రహస్యమే కూలిగా బతికిన వృత్తి అది. నేను సర్దిచెప్పబోయేలోగా కొడుకు ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. ఒక కంట్రాక్టరు తన ఫేస్‌బుక్కు పేజీలో పూర్ణం బూరెల గంగాళం ఫోటో పెట్టి, కింద "మా ప్రత్యేకత" అని రాసుకున్నాడు. గంగాళం అంచున మసిబారిన చెయ్యి ఒకటి కనిపిస్తోంది, చూపుడు వేలి మీద పాత కాలిన మచ్చతో సహా. మేస్త్రిగారు చాలాసేపు ఆ బొమ్మ చూశారు. తన చేతివంక ఒకసారి చూసుకున్నారు. "వేలు నాదే" అని మాత్రం అన్నారు.

మర్నాడు వీడియో తియ్యనిచ్చారు.

కొడుకు తెలివైన పని ఒకటి చేశాడు. తూకం లేనిదే వీడియో తియ్యనన్నాడు. మేస్త్రిగారి లెక్క దోసిలి, పిడికిలి, కంటిచూపు. ఆయన వేసిన ప్రతి పిడికిలినీ వీడు కాటా మీద పెట్టి రాసుకున్నాడు. పులిహోరకు కిలో బియ్యానికి ఎంత చింతపండు, అది కొత్త చింతపండైతే ఎంత, నల్లబడిన పాతదైతే ఎంత తగ్గించాలి, నూరుమందికి ఎంత, అయిదువందలమందికి ఎంత - అంతా ఒక నోటుబుక్కు నిండింది. ఆ లెక్కతో సరుకుల ఖరీదు కట్టడం వచ్చింది. ఏ వంటకం మనిషికి ఎంత పడుతుందో ముందుగానే చెప్పగలిగేసరికి, బేరంలో మేస్త్రిగారి గొంతు మారింది. వీడియో ఎందరు చూశారో అటుంచండి. వీడియో తియ్యడం వల్ల వృత్తికి జరిగిన మొదటి మేలు ఇదే.

రహస్యం పోతుందన్న భయం సంగతి చెప్పాలి. పేజీ మొదలైన ఏడాదికి పక్క జిల్లా నుంచి ఒక పెళ్ళివారు, నడుమ కంట్రాక్టరు లేకుండా, నేరుగా కబురు పెట్టారు. ఆ ఇంటావిడ ఆ ఆవపెట్టిన కూర మూడుసార్లు వీడియో చూసి వండుకున్నదట. "మాకు ఆరుగురికి వచ్చింది, ఆరువందలమందికి మీరే రావాలి" అన్నది. అదీ మర్మం! కూర చెయ్యడం చెప్పవచ్చును. గంగాళంలో ఆవ చేదెక్కకుండా కలిపే చెయ్యిని ఎవరూ వీడియోలోంచి తీసుకుపోలేరు.

అల్లాగని అంతా లాభమేననుకోకండి. ఆ ఏడాదే ఇద్దరు కంట్రాక్టర్లు మేస్త్రిగారిని పిలవడం మానేశారు. శ్రావణమాసంలో రెండు పెళ్ళిళ్ళు చెయ్యి జారాయి. పేరు సంపాదించుకోవడానికి కూడా పెట్టుబడి ఉంటుంది. ఆ పెట్టుబడి తట్టుకోగల ఇల్లు అయి ఉండాలి.

హోటలు గదిలో పరీక్ష

ఇక కొడుకు సంగతి. పెద్ద హోటళ్ళ వంటశాలల్లో ఒక నిచ్చెన ఉంటుంది. కింద కామీ, పైన షెఫ్ డి పార్టీ, ఆ పైన సూ షెఫ్, అందరి మీదా ఎగ్జిక్యూటివ్ షెఫ్. కింది మెట్టువాడు వండినదానికి పై మెట్టువాడి పేరు రావడం అక్కడి ఆచారం. అది తప్పని అననక్కరలేదు. బాధ్యత ఆయనది గనుక పేరూ ఆయనది. కాని కిందివాడు రేపు మరో హోటలుకు వెళ్ళి "నాకు ఇది వచ్చు" అని చెప్పడానికి రుజువు ఏమిటి? సర్టిఫికెట్టు చదువు చెబుతుంది గాని చెయ్యి చెప్పదు.

మావాడు తన గదిలో, తన ఖర్చుతో, వారానికొక వంటకం చేసి ఇన్‌స్టాగ్రాములో పెట్టాడు. ఎంతమంది చూశారో పట్టించుకోలేదు. ఒకే వంటకాన్ని మొదటినెలలో చేసినదీ, ఆరోనెలలో చేసినదీ పక్కపక్కన పెట్టాడు. తనకు తెలియనిదాన్ని పెద్ద షెఫ్‌లను మర్యాదగా అడిగాడు. కొందరు జవాబు చెప్పారు. ఒకాయన తన హోటలులో ఖాళీ ఉందని కూడా చెప్పారు. దరఖాస్తు పెడితే ఆ పేజీ తిరగేసి, "ట్రయల్"కు రమ్మన్నారు. ఒక గది, ఒక పొయ్యి, ఒక బుట్టెడు సరుకులు ఇచ్చి రెండుగంటల్లో వండమన్నారు. అక్కడ ఫోను పనిచెయ్యలేదు, చెయ్యే పనిచేసింది. వాడే అన్నాడు: "పేజీ గుమ్మందాకా తీసుకెళ్ళింది మాస్టారూ. లోపలికి నాన్న నేర్పిన పోపే తీసుకెళ్ళింది."

పాతికమంది చూసినా ఫరవాలేదు. ఆ పాతికలో పని ఇవ్వగలవాడొకడు ఉంటే చాలు. పాతిక లక్షలమంది చూసి నవ్వుకుని వెళ్ళిపోతే వంటవాడికి మిగిలేది బూడిదే.

వడ్డించేది యంత్రం

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా భయం లేదని సామెత. ఇక్కడ వడ్డించేవాడు మనవాడు కాడు, ఎవరివాడూ కాడు. లెక్కలు కట్టే యంత్రం. దాన్ని అల్గారిదం అంటారు. ఎవరికి ఏ వీడియో చూపాలో అదే తేలుస్తుంది. చూసినవారు చివరిదాకా కూర్చున్నారా, మధ్యలో లేచిపోయారా అన్నది దాని గురి. కనుక అరనిమిషం నమస్కారాలూ స్వవిషయాలూ పెట్టుకుంటే పంక్తి లేచిపోతుంది. వండేదేమిటో మొదటి క్షణంలోనే చూపాలి.

ఖరీదైన కెమెరా అక్కరలేదు. కిటికీ పక్కన బల్ల వేసుకుని, పక్కనుంచి వెలుతురు పడేట్టు చూసుకుంటే గారె మీది కరకరలు కంటికి వినిపిస్తాయి. నడినెత్తిన ట్యూబులైటు వేస్తే ఎంత మంచి కూరైనా పాలిపోయిన రోగిలా ఉంటుంది. పోపు చిటపటమన్న చప్పుడును సినిమా పాటతో ముంచవద్దు. ఆ చప్పుడే వంటవాడి సంగీతం; పైగా పాటకు హక్కుదారు లుంటారు, చప్పుడుకు ఉండరు.

డబ్బు సంగతి. యూట్యూబులో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులూ, ఏడాదిలో జనం చూసిన కాలం 4,000 గంటలూ ఉండాలి. పొట్టి వీడియోలకు లెక్క వేరు. పెద్ద వీడియోల మీద వచ్చిన ప్రకటన రాబడిలో 55 శాతం తీసినవారికి, తక్కినది కంపెనీకి. ఈ రాబడిని నమ్ముకుని ఉద్యోగం మానేసే కుర్రవాణ్ణి నేను వెనక్కు పట్టి లాగుతాను. అది ఊరగాయ వంటిది. అన్నంతో పాటు ఉంటే బాగుంటుంది, అన్నం బదులు కాదు.

పెళ్ళివంటల వారికీ, ఇంట్లో పచ్చళ్ళూ పిండివంటలూ చేసి అమ్మే ఆడవారికీ 2018లో వచ్చిన వాట్సాపు బిజినెస్ ఎక్కువ పనికివస్తుందని నా అనుభవం. అందులో వంటకాల బొమ్మలూ ధరలూ జాబితాగా పెట్టుకోవచ్చు. గుంపు ఉండదు, అడిగినవాడు కొనేవాడే అయి ఉంటాడు. కాని అక్కడా నోరు జాగ్రత్త. 2025లో ఒక పచ్చళ్ళ వ్యాపారంలో, ధర ఎక్కువేమిటని అడిగిన కొనుగోలుదారుకు తిట్లతో వెళ్ళిన జవాబు రాష్ట్రమంతా మోగి, ఆ అంగడికే తాళం పడింది. అడగడం కొనేవాడి హక్కు. ఓర్చుకోవడం అమ్మేవాడి పెట్టుబడి.

మరొక హెచ్చరిక. ఇది అద్దెయిల్లు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అందులోనే పేరూ ఊరూ కట్టుకున్నవారు లక్షలమంది తెల్లవారేసరికి రోడ్డున పడ్డారు. కనుక ఒక్కచోటనే కొంపంతా సర్దవద్దు. వంటకాల లెక్కలు పుస్తకంలో, వీడియోలు మరొక చోట దాచుకోవాలి. కొనేవారి ఫోను నంబర్లు వారి అనుమతితో రాసిపెట్టుకోవాలి. పేజీ తాళంచెవి, అంటే పాస్‌వర్డు, వండేవారి చేతిలోనే ఉండాలి. కెమెరా పట్టిన కుర్రవాడెంత మంచివాడైనా, రాబడిలో ఎవరికెంతో కాయితం మీద రాసుకోవడం స్నేహానికే మంచిది.

కంటికి కనిపించే ధర్మాలు

హోటలులో ఉద్యోగం చేసేవారు అక్కడి వంటశాలలో ఫోను బయటికి తీసేముందు యజమాని అనుమతి పొందాలి. ఉద్యోగంలో భాగంగా చేసిన రచన మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదేనని మన 1957 కాపీరైటు చట్టం చెబుతోంది. అట్లాగే పదార్థాల జాబితా ఎవరి సొత్తూ కాదు గాని, ఒకరు రాసిన వాక్యాలూ తీసిన ఫోటోలూ వారి సొత్తే. ఎవరి దగ్గర నేర్చుకుంటే వారి పేరు చెప్పడం చట్టం కన్న పాతదైన మర్యాద. మనకు పేరు రాలేదని బాధపడే మనం ఇంకొకరి పేరు మింగితే ఏం న్యాయం?

డబ్బు పుచ్చుకుని ఒక నూనెనో మసాలానో పొగిడితే, అది ప్రకటన అని వీడియోలోనే స్పష్టంగా చెప్పాలి. 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి ఈ నియమం పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వమూ ఇదే చెప్పింది. ఇంటి వంటైనా అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు కావలసిందే.

కెమెరా మనం చూపదలచనివి కూడా చూపుతుంది. నల్లబడిన నూనె, మసిగుడ్డ, గరిటె రుచి చూసి తిరిగి గిన్నెలో ముంచడం - ఇవన్నీ మనకు అలవాటైపోయి కనిపించవు, చూసేవారికి ముందు అవే కనిపిస్తాయి. బజ్జీలు వార్తాపత్రిక కాగితంలో చుట్టి ఇవ్వవద్దని ఆహార భద్రతా సంస్థ 2023లో గట్టిగా చెప్పింది. అచ్చుసిరా తిండికి అంటుకుంటుంది. మేస్త్రిగారు తన మొదటి వీడియో చూసుకుని, మర్నాడు జట్టులో పదకొండుమందికీ తలగుడ్డలు కొని తెచ్చారు. ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పలేదు. తన పేరు మీద ఉన్న వంట గనుక తనకే చిన్నతనమనిపించింది. పేరు వచ్చాక మనిషి తన పనిని ఇంకొకరి కళ్ళతో చూడడం నేర్చుకుంటాడు.

చివరిగా మన కుటుంబాలవారికి ఒక మాట. మన పిల్లవాడు షెఫ్ అవుతానంటే ఇంకా మొహం చిట్లించే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇంజనీరుకు ఉన్న గౌరవం వంటవాడికి లేదన్నదే దాని వెనక ఉన్న భయం. గౌరవం లేనిచోట తెలివైన పిల్లలు నిలవరు. నిలవకపోతే మరో తరానికి పనసపొట్టులో ఆవ ఎప్పుడు కలపాలో చెప్పేవాడుండడు. ఆ గౌరవం తెచ్చే పని యంత్రానికి వదిలేసి మనం ఊరుకోనక్కరలేదు. ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు చెయ్యి కడుక్కున్న తరువాత పెరటివైపు నాలుగడుగులు వెయ్యండి. బూరెలు బాగున్నాయని చెప్పి, మేస్త్రి పేరు అడగండి. ఫోటో పెట్టదలిస్తే పెళ్ళికూతురు నగల పక్కన ఆయన పేరు కూడా రాయండి. మన ఇంట పెళ్ళి అయితే, భోజనశాల గుమ్మం దగ్గర పలక మీద "ఈ పూట వంట ఫలానావారు" అని సుద్దముక్కతో ఒక్క పంక్తి చాలు. అయిదువందలమంది చదువుతారు. దానికి చందాదారులూ అక్కరలేదు, కరెంటూ అక్కరలేదు.